1947 నొక్కితే తెరుచుకోని పెట్టె: నల్గొండలో ఒక కీ సేఫ్ కేసు

నాకు నల్గొండలో తాళాల షాపు ఉంది. డూప్లికేట్ తాళంచెవులు చేయడం, డోర్ లాకులు బిగించడం, మొరాయించిన బీరువాలు తెరవడం మా పని. ఈ మధ్య ఇంకో పని కూడా వస్తోంది. ఇంటి బయట గోడకు బిగించే కీ సేఫ్. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. ఇక్కడ ముసలి తల్లో తండ్రో ఒక్కరే ఉంటారు. చూసుకోవడానికి పొద్దున ఒక మనిషి, రాత్రి ఒక మనిషి, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ అబ్బాయి. అందరికీ తలా ఒక తాళంచెవి ఇచ్చే బదులు గోడ మీది చిన్న మెటల్ పెట్టెలో ఒక్కటే పెట్టి, నంబర్ నొక్కి తీసుకోండి అంటారు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. బ్రిటన్‌లో ఇంటికి వచ్చి వృద్ధులను చూసుకునే వాళ్ళ కోసం వీటిని బాగా వాడతారు. సుత్తి, స్క్రూడ్రైవర్ దెబ్బలకు ఎంతసేపు ఆగుతుందో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఎల్‌పీఎస్ 1175 అనే ప్రమాణం కూడా అక్కడ ఉంది. మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరికే వాటిలో చాలావాటికి అలాంటి ముద్ర ఏమీ ఉండదు.

ఇది ఒక ఇంటి కథ. ఆ ఇంటివాళ్ళకు చెప్పే రాస్తున్నాను. ఎవరి పేరూ, వీధీ రాయను. ఇందులో చెప్పిన నంబర్ ఇప్పుడు ఆ పెట్టెకు లేదు. పదిహేడు నెలల్లో ఆ పెట్టె దగ్గరికి నేను ఆరుసార్లు పోయాను. ఒక్కసారి కూడా దొంగ కోసం కాదు.

ఆ పొద్దు

ఆషాఢ మాసం. పొద్దున ఆరున్నర దాటింది, ఇంకా చాయ్ తాగలేదు. ఫోన్ మోగింది, ఆ ఇంటి కేర్‌టేకర్.

"అన్నా, పెట్టె తెరుస్త లేదు. అమ్మ లోపలనే ఉంది. గంట నుంచి నొక్కుతున్న."

"అమ్మ పలుకుతుందా?"

"పలుకుతుంది. లేవరాదు గదా ఆమెకు."

తుంటి ఎముక ఆపరేషన్ అయిన మనిషి. వాకర్ పట్టుకుని రెండడుగులు వేస్తుంది గానీ ఒకరు పక్కన ఉండాలి. దేవరకొండ రోడ్డు వైపు పాత ఇల్లు, రాతి గోడలు, టేకు తలుపు. తలుపుకు నైట్ లాచ్. లాగితే దానంతట అదే పడిపోతుంది. బయటి నుంచి తెరవాలంటే తాళంచెవి కావాలి. ఆ తాళంచెవి పెట్టెలో ఉంది. పెట్టెను ముందురోజు సాయంత్రం పెద్ద కొడుకు తన చేతులతో బిగించి, కోడ్ పెట్టి, చెవి లోపల వేసి మూసి, రాత్రికి శంషాబాద్ పోయాడు. ఇప్పుడు విమానంలో ఉన్నాడు, ఫోన్ కలవదు. కేర్‌టేకర్‌కు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ మాత్రం ఉంది: "కోడ్ 1947. నాన్న పుట్టిన ఏడు."

నేను పోయేసరికి పెద్దమ్మ కిటికీ లోంచి మాట్లాడుతూనే ఉంది. "నేను మంచిగనే ఉన్న బిడ్డా, తొందర పడకు." అది విన్నాకే నాకు టెన్షన్ తగ్గింది. లోపలి మనిషి పలకకపోయి ఉంటే పెట్టె సంగతి తర్వాత. ముందు 108కి ఫోన్ చేసి కిటికీ అద్దం పగలగొట్టేవాణ్ణి. అలాంటప్పుడు తాళం గురించి ఆలోచించడం తప్పు.

తాళాల మనిషివి గదా, తలుపే తెరవొచ్చు గదా అని మీరు అడగొచ్చు. తెరవగలను. కానీ అది కొత్త రకం సిలిండర్, అంటే తాళంలో చెవి దూర్చే భాగం. ఆ సమయంలో నాకున్న దారి డ్రిల్ వేయడమే. సిలిండర్ పోతుంది, అరగంట పడుతుంది, లోపలున్న ముసలామెకు ఆ చప్పుడు గుండె దడ. పెట్టెకు పది నిమిషాలు ఇద్దాం, కాకపోతే డ్రిల్ తీద్దాం అనుకున్నాను.

పెట్టె ముందు పది బటన్లు. 1, 2, 3 పై వరస. 4, 5, 6 దాని కింద. 7, 8, 9 ఆ కింద. అడుగున 0. పక్కన క్లియర్ పట్టీ, తెరవడానికి ఇంకో పట్టీ. ఈ రకం పెట్టెల్లో ముందు క్లియర్ లాగాలి. లేకపోతే అంతకుముందు ఎవరో తాకిన బటన్ లోపల నొక్కుకునే ఉంటుంది, మీరు సరిగ్గా నొక్కినా తెరుచుకోదు. పది కేసుల్లో ఆరేడు ఇక్కడే తేలిపోతాయి. క్లియర్ లాగాను, 1, 9, 4, 7 నొక్కాను, పట్టీ లాగాను. రాలేదు. మళ్ళీ చేశాను. రాలేదు.

రెండో అనుమానం స్క్రూ మీద. లోపల ఒక్కో బటన్ వెనక ఒక్కో చిన్న స్క్రూ ఉంటుంది, తల మీద బాణం గుర్తు. బాణం ఒక వైపు ఉంటే ఆ అంకె కోడ్‌లో ఉన్నట్టు, సరిగ్గా సగం చుట్టు తిప్పితే లేనట్టు. కొత్తవాళ్ళు ఒకదాన్ని తిప్పడం మరిచిపోతారు, లేదా పొరపాటున పక్కదాన్ని కూడా తిప్పేస్తారు. ఒక్క తప్పే జరిగిందనుకుంటే లెక్క చిన్నదే. నాలుగు అంకెల్లో ఒకటి లేకుండా నొక్కి చూడటం నాలుగు సార్లు, మిగతా ఆరు అంకెల్లో ఒకటి కలిపి నొక్కి చూడటం ఆరు సార్లు. మొత్తం పది. పదీ అయిపోయాయి. ఏదీ రాలేదు. కేర్‌టేకర్ నా మొహం చూస్తోంది, నేను బ్యాగులో డ్రిల్ వైపు చూస్తున్నాను.

అప్పుడు ఆ కొడుకు నిలబడిన చోట నన్ను నేను ఊహించుకున్నాను. మూత తెరిచి ఉంది. మూత వెనక్కి తిప్పి చూస్తున్నాడు. ఈ మోడల్‌లో వెనక పక్క అంకెలు ఉండవు, వట్టి స్క్రూలే. ముందు నుంచి చూస్తే ఎడమ చేతి వైపు ఉన్న 1, వెనక నుంచి చూస్తే కుడి వైపు ఉంటుంది. అతను ఆ సంగతి పట్టించుకోకుండా ముందు చూసిన వరుసలోనే వెనక కూడా లెక్కపెట్టుకుని ఉంటే?

గుమ్మం పక్కన ముగ్గుపిండి డబ్బా ఉంది. పిడికెడు తీసి నేల మీద గళ్ళు గీశాను. ఒకటి మామూలుగా, పక్కనే ఇంకోటి అద్దంలో చూసినట్టు. 1 ఉన్నచోటికి 3 వచ్చింది. 4 దగ్గరికి 6. 7 దగ్గరికి 9. 9 దగ్గరికి 7. నడుమ నిలువు వరసలోని 2, 5, 8, 0 మారవు. అంటే అతను 1, 9, 4, 7 అనుకుని తిప్పినవి 3, 7, 6, 9.

క్లియర్ లాగాను. 3, 6, 7, 9 నొక్కాను. పట్టీ కిందికి దిగింది. టక్.

కేర్‌టేకర్ నాకంటే ముందే చెయ్యి పెట్టి తాళంచెవి తీసుకుంది.

పుట్టిన ఏడు ఎందుకు వద్దన్నాను

చాయ్ తాగాక పెద్దమ్మతో చెప్పాను: "1947 సరిగ్గా పెట్టినా నేను మార్చేవాణ్ణే." ఆమె నవ్వింది. "ఏమైంది బిడ్డా, స్వాతంత్ర్యం వచ్చిన ఏడు గదా, యాది ఉంటది. మనకు గప్పుడు రాలేదనుకో, మరుసటేడు సెప్టెంబర్‌ల గద." ఆమె మాట నిజమే. హైదరాబాద్ సంస్థానం కలిసింది 1948 సెప్టెంబర్ 17న. కానీ నా అభ్యంతరం చరిత్ర మీద కాదు.

బటన్ నొక్కే మెకానికల్ పెట్టెల్లో వరుసకు విలువ లేదు. 1947 నొక్కినా 7491 నొక్కినా ఒకటే. లోపల ఏది ముందు, ఏది తర్వాత అని గుర్తుపెట్టుకునే భాగమే లేదు. నొక్కాల్సినవన్నీ నొక్కుకుని, నొక్కకూడనివి ఏవీ నొక్కుకోకుండా ఉంటే పట్టీ జారుతుంది, అంతే. ఒకే అంకెను రెండుసార్లు నొక్కడానికీ అర్థం లేదు. ఒకసారి లోపలికి పోయిన బటన్ క్లియర్ లాగేదాకా అక్కడే ఉంటుంది. కాబట్టి 1955 అని పెట్టుకున్నవాళ్ళది నిజానికి మూడు అంకెల కోడ్: 1, 5, 9.

ఇప్పుడు లెక్క చూడండి. 1900 నుంచి 1999 దాకా ఏ ఏడు తీసుకున్నా 1, 9 ఉండనే ఉంటాయి. మిగిలిన ఎనిమిది అంకెల్లోంచి రెండు వస్తే 28 రకాలు. ఒక్కటే వస్తే 8. ఏదీ రాకపోతే, అంటే 1911, 1919, 1991, 1999 లాంటివైతే, 1 రకం. మొత్తం 37. నూరేళ్ళ పుట్టిన సంవత్సరాలన్నీ ఈ పెట్టెకు 37 నొక్కులే. ఒక్కోదానికి ఐదు సెకన్లు వేసుకున్నా మూడు నిమిషాల చిల్లర. వాకిట్లో నిలబడి బీడీ తాగినంత సేపు.

పది బటన్లతో ఎన్ని రకాలుగా నొక్కొచ్చు అంటే, ఒక్కటి కూడా నొక్కకపోవడం తీసేస్తే 1,023. నాలుగు అంకెలవి 210, ఐదు అంకెలవి 252, ఆరు అంకెలవి మళ్ళీ 210. ఎక్కువ అంకెలు పెడితే ఎక్కువ భద్రం అనుకుని తొమ్మిది పెట్టినవాళ్ళను చూశాను. తొమ్మిది అంకెలకు ఉన్న రకాలు పదే. ఐదు దగ్గరే అన్నిటికంటే ఎక్కువ. అలాగని మొత్తం 1,023 నొక్కి చూడాలన్నా గంటన్నర చాలు. అందుకే ఈ పెట్టెను లాకర్ అనుకోవద్దంటాను. రోడ్డు మీది నుంచి కనబడని చోట బిగించాలి. అక్కడ ఎవరైనా ఐదు నిమిషాలు నిలబడితే పక్కింటివాళ్ళు "ఎవరు కావాలె?" అని అడిగేటట్టు ఉండాలి. దాని భద్రతలో సగం ఆ పక్కింటివాళ్ళే.

నాలుగు చక్రాలు తిప్పే రకం వేరు. అందులో వరుసకు విలువ ఉంది, 0000 నుంచి 9999 దాకా పదివేలు. దాని బాధలు దానికి ఉన్నాయి. కోడ్ మార్చడానికి లోపల చిన్న మీట ఉంటుంది. దాన్ని పక్కకు జరిపి, కొత్త నంబర్ తిప్పి, మళ్ళీ మొదటి చోటికి పూర్తిగా తేవాలి. సగంలో వదిలేసి మూత పెట్టినవాళ్ళు నా దగ్గరికి వస్తారు. మూసిన తర్వాత చక్రాలను చెదరగొట్టనివాళ్ళు నా దగ్గరికి రారు, ఎందుకంటే వాళ్ళ కోడ్ గోడ మీదే రాసినట్టు ఉంటుంది, ఎవరైనా తెరుచుకోవచ్చు.

కోడ్ ఎంచుకోవడానికి నేను చెప్పిన పద్ధతి పెద్దమ్మకు నచ్చింది. కాగితం చింపి పది చీటీలు, 0 నుంచి 9 దాకా. స్టీల్ గ్లాసులో వేసి కలిపి ఐదు తీయడం. మొదటిసారి తీస్తే మూడు ఒకే నిలువు వరసలో వచ్చాయి, మళ్ళీ తీయమన్నాను. వేలికి అలవాటైన గీతలాగా ఉంటే ఎదుటివాడు దూరం నుంచి చెయ్యి కదలిక చూసే పట్టేస్తాడు. రెండోసారి మంచివే వచ్చాయి. చీటీలను ఆమె పొయ్యి మీద కాల్చింది. అది నేను చెప్పలేదు.

పెట్టి, పరీక్షించడం

ఇక పెట్టడం. మూత తెరిచి ఉంచాను. క్లియర్ లాగాను. మూత వెనక ఉన్న రబ్బరు రేకు తీశాను. మార్కర్‌తో ప్రతి స్క్రూ పక్కనా దాని అంకె రాశాను, ముందు నుంచి వేలితో ఒక్కో బటన్ నొక్కుతూ వెనక ఏది కదులుతుందో చూసి. అద్దం తప్పు మళ్ళీ జరగకుండా ఇదొక్కటే మందు. తర్వాత పాత నాలుగు బాణాలు వెనక్కి, కొత్త ఐదు బాణాలు ముందుకు. సగం చుట్టు అంటే సగం చుట్టే. గడియారంలో పన్నెండు దగ్గరున్న ముల్లు ఆరు దగ్గరికి రావాలి. ఐదున్నర దగ్గర ఆగితే ఒకసారి తెరుచుకుంటుంది, ఒకసారి తెరుచుకోదు. ఆ రకం రోగం పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. స్క్రూలు తిప్పేముందు చేయాల్సినవి కొన్ని మోడళ్ళలో వేరుగా ఉంటాయి, పెట్టెతో వచ్చిన కాగితం పారేయొద్దు.

పరీక్ష మూత తెరిచి ఉండగానే చేయాలి. క్లియర్, కోడ్, పట్టీ. మూత లోపలి నాలుక కదలడం కంటికి కనబడుతుంది. మూడుసార్లు చూశాను. తర్వాత చాలామంది చేయనిది: తప్పు కోడ్‌తో పరీక్ష. ఐదులో ఒకటి తగ్గించి నొక్కితే తెరుచుకోకూడదు. ఒకటి ఎక్కువ నొక్కినా తెరుచుకోకూడదు. సగం తిరిగిన స్క్రూ ఏదైనా ఉంటే ఇక్కడ బయటపడుతుంది. ఆ తర్వాత నేను పక్కకు జరిగి కేర్‌టేకర్‌ను చేయమన్నాను. రేపు పొద్దున చీకట్లో నిలబడేది ఆమె, నేను కాదు. ఆమె క్లియర్ మరిచిపోయింది. మళ్ళీ చేసింది. అయిదోసారికి చెయ్యి అలవాటు పడింది.

అప్పుడు మూత మూశాం. తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉంది. మూసి రెండుసార్లు తెరిచాక అది లోపలికి పోయింది. ఆ కొడుకు మిగతా తప్పులన్నీ చేసినా ఈ ఒక్కటి చేయకుండా ఉంటే ఆ పొద్దు నాకు ఫోన్ వచ్చేదే కాదు.

బిగింపు కూడా చూశాను. అతను వాడినవి మంచి యాంకర్ బోల్టులే, కానీ రెండు రాళ్ళ మధ్య సందులో పడ్డాయి. పాత ఇళ్ళలో ఆ సందుల్లో మట్టి, పైన సున్నం పూత. చేత్తో లాగితే పెట్టె ఊగింది. కిందికి జరిపి రాయిలోనే బెజ్జాలు వేసి బిగించాను. స్క్రూలు పెట్టె లోపలి నుంచి గోడలోకి పోతాయి కాబట్టి మూసి ఉన్నప్పుడు ఎవరూ విప్పలేరు, గోడ గట్టిగా ఉంటేనే ఆ మాటకు అర్థం. అప్పుడే ఎండ సంగతి కూడా ఆలోచించి ఉండాల్సింది. పడమటి గోడ అది. మా దగ్గర ఎండాకాలం 44, 45 డిగ్రీలు మామూలు. ఏప్రిల్ వచ్చాక, అప్పుడు పనిలో ఉన్న కేర్‌టేకర్ సాయంత్రం పూట కొంగు చుట్టుకుని బటన్లు నొక్కాల్సి వచ్చింది. తర్వాత పైన చిన్న రేకు నీడ కట్టించాం.

నా తప్పు

పని అయ్యాక బిల్లు రాశాను. అలవాటుగా అడ్రస్ రాసి, కింద "కీ సేఫ్ కోడ్ మార్పు" అని రాసి, పక్కనే ఆ ఐదు అంకెలు కూడా రాసేశాను. మరిచిపోతానేమోనని. అది కార్బన్ పుస్తకం. నాలుగు రోజుల తర్వాత షాపులో పిల్లవాడు పాత బిల్లులు లెక్కపెడుతుంటే ఆ పేజీ కనబడింది. ఇంటి అడ్రస్, దాని కిందే ఇంటి కోడ్. కౌంటర్ మీద రోజంతా తెరిచి పడి ఉండే పుస్తకంలో.

పేజీ చింపి, ఆ సాయంత్రమే పోయి, చీటీలు మళ్ళీ తీయించి కోడ్ మార్చాను. డబ్బులు తీసుకోలేదు. ఇప్పుడు నా దగ్గర ఎవరి కోడూ ఉండదు. "నువ్వు మరిచిపోతే ఎట్ల?" అని అడుగుతారు. మరిచిపోవాల్సిందే. కోడ్ ఇంటివాళ్ళది, నాది కాదు. వాళ్ళకు యాది ఉండకపోతే రాసి పెట్టుకోవచ్చు గానీ, ఆ కాగితం మీద ఇల్లు ఎవరిదో, అంకెలు దేనివో రాయకూడదు.

పసుపు

శ్రావణ శుక్రవారం. బాత్రూమ్ గొళ్ళెం ఊడిందని పిలిస్తే పోయాను. వాకిలి కళకళలాడుతోంది. కడపకు పసుపు పూసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టారు. మా వైపు గడపను కడప అనే అంటాం. తలుపు పక్కన పెట్టె చూసి ఆగిపోయాను. పది బటన్లలో ఐదు పచ్చగా ఉన్నాయి.

కేర్‌టేకర్ తప్పేమీ లేదు. కడపకు పసుపు రాస్తుంటే తన వెనక తలుపు మూసుకుని లాచ్ పడిపోయింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని నొక్కింది. కొంగుకు తుడిస్తే పోయే రంగు కాదు గదా అది. 3 మీద, 0 మీద బొటనవేలి గీతలు కూడా కనబడుతున్నాయి (ఆ అంకెలు కూడా ఇప్పుడు పాతవే).

వరుసకు విలువ ఉన్న తాళమైతే ఐదు అంకెలు తెలిసినా ఇంకా 120 వరుసలు మిగులుతాయి. ఇక్కడ వరుస లేదు. ఏ ఐదో తెలిస్తే అదే కోడ్. పసుపు లేకపోయినా ఇదే జరుగుతుంది, నెమ్మదిగా. ఏడాది పాటు అవే ఐదు నొక్కితే వాటి మీద దుమ్ము ఉండదు, మెరుస్తాయి. మిగతా ఐదు మాసిపోయి ఉంటాయి. కోడ్ మార్చకుండా ఏళ్ళ తరబడి ఉంచిన పెట్టెను పగటి వెలుతురులో పక్క నుంచి చూడండి, తెలుస్తుంది.

తడిబట్టతో అన్నీ తుడిచి, మూడోసారి కోడ్ మార్చాను. ఒక అలవాటు నేర్పాను: తాళంచెవి తీసుకుని మూత మూశాక, పది బటన్లనూ ఒకసారి వేళ్ళతో నొక్కేసి క్లియర్ లాగడం. రెండు సెకన్ల పని. మరకైనా అరుగుదలైనా పదింటికీ సమానంగా పడుతుంది. కేర్‌టేకర్‌కు ఇది వెంటనే ఎక్కింది. "పియానో వాయించినట్టు" అని ఫిజియో అబ్బాయి నవ్వేవాడట.

మనిషి మారినప్పుడు

సద్దుల బతుకమ్మ తర్వాత ఆ కేర్‌టేకర్ మానేసింది, వాళ్ళ ఊళ్ళోనే పని దొరికిందట. మంచి మనిషి, ఆమె మీద ఎవరికీ అనుమానం లేదు. అయినా కోడ్ మార్చమన్నాను. ఇది అనుమానం కాదు, లెక్క. రేపు ఏదైనా పోతే ఆమె పేరు ఎవరి నోటా రాకూడదు. మానేసిన రోజే మారిస్తే ఆమెకే మంచిది. ఆమెకు కూడా అట్లనే చెప్పాను, తలూపింది.

కోడ్ మార్చాక ఇంకో ప్రశ్న మిగులుతుంది. నాలుగు నెలలు ఆ తాళంచెవి ఎందరి చేతుల్లోనో తిరిగింది. డూప్లికేట్ చేయాలంటే గడియారం స్తంభం దాకా పోయి ఐదు నిమిషాలు నిలబడితే చాలు. చేసేది నాలాంటివాడే, ఎవరి ఇంటిదని అడగడు. అడగాలి, అడగం. కోడ్ మార్చి తాళం మార్చకపోతే సగం పనే. పెద్దమ్మ కూతురుతో మాట్లాడి నైట్ లాచ్ సిలిండర్ మార్పించాను. నా వ్యాపారం కోసం చెప్పానని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

ఈ సందర్భంలోనే బయటపడిన ఇంకో సంగతి. కొడుకు ప్రతి కొత్త కోడ్‌నూ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాడు, "అందరికీ తెలిసి ఉంటే మంచిది" అని. అందులో బావమరుదులు, వాళ్ళ పిల్లలు, పెళ్ళిలో ఒకసారి కలిసినవాళ్ళు కూడా ఉన్నారు. ఇప్పుడు నియమం ఇది: పెద్దమ్మకు, కూతురుకు, పనిలో ఉన్న ఇద్దరికి. ఎదురుగా చెప్పాలి, ఫోన్‌లో రాయొద్దు. 108 బండి వస్తే మాత్రం వాళ్ళకు ఫోన్‌లోనే చెప్పేయాలి, మర్నాడు మార్చుకోవచ్చు. మనిషి మారినప్పుడల్లా, ఎవరూ మారకపోతే ఉగాదికి ఒకసారి మార్పు.

బోరు నీళ్ళు

ఏప్రిల్‌లో మళ్ళీ ఫోన్. కోడ్ సరిగ్గానే నొక్కుతున్నారు, ఒక్కోసారి తెరుచుకుంటుంది, ఒక్కోసారి లేదు. పోయి చూస్తే 8వ బటన్ క్లియర్ లాగినా పూర్తిగా పైకి రావడం లేదు. దాని చుట్టూ తెల్లటి పొర, ఉప్పు పేరినట్టు. కొత్త కేర్‌టేకర్ రోజూ పొద్దున వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, పైపుతో గోడ కూడా కడుగుతోంది. పెట్టె మీది రబ్బరు మూత ఎండకు పగిలి ఎప్పుడో ఊడిపోయింది.

మా జిల్లా భూగర్భ జలం అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పెట్టెను పట్టుకున్నది అది కాదు, ఆ నీళ్ళలోని సున్నపు ఉప్పులు. తాగడానికి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి గానీ కడగడానికి ఇంకా బోరే. తడిసిన ప్రతిసారీ నీళ్ళు ఆరిపోతాయి, ఉప్పు మిగులుతుంది. బకెట్ అడుగున, కుళాయి మూతిన పేరుకునేదే బటన్ సందులో పేరుకుంది. అది చాలదన్నట్టు ఎవరో కొబ్బరి నూనె పోశారు. నూనె, దుమ్ము కలిసి లోపల జిగురు ముద్ద అయింది.

మూత విప్పి పాత టూత్‌బ్రష్‌తో, వెదురు పుల్లతో పొర తీశాను. నూనెను తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, గ్రాఫైట్ పొడి కొద్దిగా వేశాను. తాళాలకు పొడి మందే మంచిది. తెల్ల పొర పోవడానికి నిమ్మకాయ రుద్దుతామంటారు కొందరు, వద్దు. ఈ పెట్టెల్లో చాలావాటి ఒళ్ళు జింక్ మిశ్రమం, పులుపు దాన్ని తింటుంది. కొత్త రబ్బరు మూత దొరకలేదు, సైకిల్ ట్యూబ్ ముక్క కోసి బిగించాను. చూడటానికి బాగోదు. పని చేస్తోంది.

డిసెంబర్

కొడుకు డిసెంబర్‌లో వచ్చాడు. చెప్పకుండా వద్దామనుకున్నాడట. రాత్రి పన్నెండు దాటాక కారు దిగి, పెట్టె దగ్గరికి పోయి, నవ్వుకుంటూ 1947 నొక్కాడు. తర్వాత గ్రూపులో తను చివరిసారి పెట్టిన నంబర్ నొక్కాడు. తర్వాత అమ్మకు ఫోన్ చేశాడు.

"నంబర్ చెప్పు అమ్మా, బయటనే ఉన్న."

"ఫోన్‌ల చెప్పొద్దన్నడు తాళాలాయన. కిటికీ కాడికి రా, మొహం చూస్త."

కిటికీ దగ్గర మొహం చూసింది. అయినా నంబర్ చెప్పలేదు. వాకర్ టకటకమనుకుంటూ వచ్చి, లోపలి నుంచి లాచ్ తానే తీసింది. మర్నాడు అతను షాపుకొచ్చి ఇదంతా చెప్పి, కోడ్‌ను తనకు యాది ఉండేటట్టు ఏదైనా తేదీకి మార్చమని అడిగాడు. సాయంత్రం వాళ్ళింటికి పోయేసరికి పెద్దమ్మ స్టీల్ గ్లాసు, పది చీటీలు ముందే తీసి పెట్టి కూర్చుని ఉంది.